దేవుడి పరక

అల్లూరు,
1963 మార్చి 4.

నా చిట్టితల్లి ఎలిశబెతుకు,

ప్రభువు నీడలో నువ్వూ అల్లుడుగారూ కోట ఊళ్ళో క్షేమంగా ఉన్నారని నమ్ముతూ అమ్మ రాస్తున్నది.

పోయిన నెలాఖరు ఆదివారం గుళ్ళో ప్రార్థన మధ్య నేను కళ్ళు తిరిగి పడిపోయానని మీ నాయనగారు నీకు కార్డు రాశారట. నీ ఉత్తరం నిండా కోపమే ఉంది. నేను పుట్టినప్పటి నుంచీ నువ్వు రాత్రిపూట అన్నం తినడం చూడలేదు, ఉపవాసమంటావు, ఇన్నేళ్ళు సాగే ఉపవాసం ఏ ఉపవాసం, ఈసారి నిజం చెప్పకపోతే బడికి సెలవు పెట్టి బస్సెక్కి వచ్చి నీ ఎదుట కూర్చుంటాను అని రాశావు. ఈ నెలల్లో నువ్వు బస్సులో కుదుపులు పడి రాకూడదు. పైగా నువ్వొచ్చి ఎదుట కూర్చుంటే నేను అసలే చెప్పలేను. నా సంగతి నీకు తెలుసు కదా, నలుగురిలో నా మాట నాకే వినబడదు. అందుకని కలం పట్టాను. కాగితం నా ముఖం చూడదు, మధ్యలో అడ్డమడగదు.

పంట ఇంటికి రాకముందే దేవుడి భాగం తీయడం నువ్వు చిన్నప్పటి నుంచీ చూశావు. దాన్ని మనం దశమభాగం అనే అంటాం. కానీ కళ్ళంలో జరిగేది వేరు. వడ్ల కుప్పను కంటిచూపుతో పది భాగాలు చేయడం ఎవరికీ చేతకాదు. రెండు చేయడం అందరికీ వచ్చు. అందుకని మీ తాత ముత్యాలయ్యగారు కుప్పను చెక్కపలకతో రెండుగా చీల్చేవారు. ఒక సగాన్ని మళ్ళీ రెండు చేసేవారు. ఆ పాతికను మళ్ళీ రెండు చేసేవారు. ఆఖరికి వచ్చిన చిన్న కుప్పే, అంటే ఎనిమిదింటిలో ఒకటే, పరక. దాని పక్కన మోకరించి ప్రార్థన చేసి గుడికి పంపేవారు. ఆయన నాన్నగారు బాప్తిస్మం తీసుకున్న ఏటి నుంచీ అదే పద్ధతి. మీ తాత పోయాక మీ నాయనగారూ అలాగే చేస్తూ వచ్చారు.

నీకు ముందు నాకొక కొడుకు పుట్టి పోయాడని నీకు తెలుసు. జీవానందం అని పేరు కూడా తెలుసు. అంతకు మించి నేనెప్పుడూ చెప్పలేదు. వాడు దోగాడే వయసులో కోతల రోజుల్లో విరేచనాలు పట్టుకుని పోయాడు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పూడ్చి వచ్చిన తర్వాత మీ అవ్వ, మా అత్తగారు, నా పక్కన కూర్చుని ఒక మాట చెప్పింది. ఆ మాట ఇవాళ్టికీ నా చెవిలో ఉంది.

"దేవుడు పది అడిగినాడు మే. మనం ఎనిమిదే పెడతా ఉన్నాం. తక్కువైన ఆ రెండూ ఆయనే తీసుకున్నాడు."

పది అడిగినవాడికి ఎనిమిది ఇస్తే వెలితి పడుతుందని చంటిపిల్లకైనా తెలుసు. మామగారితో నేను ఎదురుపడి మాట్లాడే దాన్ని కాను. మీ నాయనగారితో అనడానికీ మనసు రాలేదు. ఉపదేశి ఇంట్లోనే దేవుడికి తక్కువ పడుతోందని తెలిస్తే ఆయన ఊళ్ళోవాళ్ళకు ఏ ముఖంతో బోధిస్తారు? అందుకని ఆ వెలితిని నా కంచంలోంచే పూడ్చాలనుకున్నాను. రాత్రి నా వంతుకు పడే బియ్యాన్ని ఎసట్లో పోయకముందే తీసి, గుడికిచ్చే పిడికెడు బియ్యం కుండలో పోస్తున్నాను. మన ఆడవాళ్ళంతా వండినప్పుడల్లా పిడికెడే పోస్తారు కదా. మన కుండ అందరికంటే ముందు నిండుతుందని సంఘంలో నన్ను మెచ్చుకుంటారు కూడా. ఆ మెప్పు విన్నప్పుడల్లా తల వంచుకుంటాను. వాళ్ళు అది నా వినయమనుకుంటారు.

ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది. ఈ ఏడు సంఘంవాళ్ళు కిలోల కాటా తెచ్చారు. తూములూ కుంచాలూ ఇక లేవు. మీ నాయనగారు పంటంతా తూకం వేయించి, ఆ అంకె కాగితం మీద రాసుకుని, చుక్కను ఒక గడి ఎడమకు జరిపి, ఇదే పదోవంతు అని మూటలు కట్టించారు. ఆ మూటలు చూశాను. ఏటా పోయే పరక కంటే చిన్నవి. మనకు మిగిలిన కుప్ప ఏటా కంటే పెద్దది. కళ్ళంలో చెరగడానికి వచ్చిన చెంచమ్మ కూడా నా పక్కనే నిలబడి, "ఏందక్కా, కాటా వచ్చినాక దేవుడికి తగ్గిపోయిందే" అంది. తను నవ్వుతూనే అంది. నేను మాత్రం మూటలు మళ్ళీ ఒక్కొక్కటే లెక్కపెట్టాను.

పరక పెట్టిన నాడే వెలితి అయితే, ఇప్పుడింకా తగ్గితే ఆయన ఎవరిని అడుగుతాడు? నీ కడుపులో బిడ్డ ఉంది తల్లీ. ఈ మాట రాయకూడదనుకుంటూనే రాసేశాను. అందుకే పగటి అన్నంలోనూ సగం తీసి కుండలో పోయడం మొదలుపెట్టాను. కళ్ళు తిరిగింది అందుకే. నీ కాన్పు అయ్యేదాకా ఇలాగే ఉండాలని నిశ్చయించుకున్నాను. నన్ను మానిపించాలని చూడకు. నువ్వు మాత్రం వేళకు తిను.

నీ అమ్మ,
మగ్దలీనమ్మ.


అల్లూరు,
1963 మార్చి 15.

నా బంగారు ఎలిశబెతుకు,

నీ కవరు మొన్న అందింది. మీ నాయనగారు పొలం వెళ్ళేదాకా ఆగి తెరిచాను. నీ అక్షరాలు ఎప్పుడూ ముత్యాల్లా ఉంటాయి. ఈసారి కాగితం చిరిగేటట్టు నొక్కి రాశావు. "అమ్మా, పరక పదోవంతు కంటే తక్కువ కాదు, ఎక్కువ. తాత ఏటా అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాడు" అన్నావు. కింద ఒక గీత గీసి, ఒక చివర సున్నా, ఇంకో చివర ఒకటి పెట్టి, మధ్యలో పది గడులు చేశావు. మొదటి గడి చివర .1 అని, దాన్ని దాటి కొంచెం కుడివైపు .125 అని గుర్తులు పెట్టావు.

నిజం చెబుతున్నాను, వెంటనే నమ్మలేదు. ఆ తర్వాత నమ్మిన తీరు చూసుకుంటే నాకే సిగ్గేసింది. నూట ఇరవై ఐదు ఒకటి కంటే పెద్దది కదా, అయితే నిజమే అయివుంటుంది అనుకున్నాను. అంతలో నీ ఉత్తరం రెండో పేజీలో నీ ఐదో తరగతి పిల్లల సంగతి చదివాను. పన్నెండు పెద్దది, ఐదు చిన్నది కాబట్టి .5 కంటే .12 పెద్దదని తరగతి మొత్తం చేతులెత్తారని రాశావు. నేనూ వాళ్ళ బెంచీ మీదే కూర్చున్నానన్నమాట. ఎనిమిదినీ పదినీ చూసి ముప్పై ఏళ్ళు ఒకటి నమ్మాను. ఒకటినీ నూట ఇరవై ఐదునూ చూసి ఒక్క నిమిషంలో దానికి తలకిందులైనది నమ్మబోయాను. రెండూ ఒకే రకం నమ్మకం. అంకెను చూసి నమ్మడమే తప్ప, అది దేనిలో ఎంత అని ఒక్కసారీ అడగలేదు.

అందుకని పొయ్యి దగ్గరకే వెళ్ళాను. ఒకే మూకుట్లో, ఒకే కొలత పిండితో రెండు దిబ్బరొట్టెలు కాల్చాను. మొదటిదాన్ని సగం చేసి, సగాన్ని సగం చేసి, మళ్ళీ సగం చేశాను. ఎనిమిది ముక్కలు చకచకా వచ్చేశాయి. రెండోదాన్ని పది చేయడానికి చెమట పట్టింది. సగం చేయడం దాకా బాగానే ఉంది, ఆ సగాన్ని ఐదు చేయాలంటే కత్తి ఎక్కడ పెట్టాలో తెలియదు. మీ తాత కుప్పను పది ఎందుకు చేయలేదో అప్పుడు అర్థమైంది. ఎలాగో కోసి, ఇందులోంచి ఒక ముక్క, అందులోంచి ఒక ముక్క తీసి ఒకదాని మీద ఒకటి పెట్టాను. ఎనిమిదింటిలోది అంచు దాటి బయటికి కనబడింది.

తినేవాళ్ళు పెరిగితే ముక్క తగ్గుతుంది. ఇంతేనా అనిపించింది. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో వడ్డించినదాన్ని, చుట్టాలొచ్చిన రోజు ఒక్కొక్కరికి ఎంత తగ్గించి వేయాలో గరిటెతో తెలిసినదాన్ని. హైస్కూల్లో ఒకటి బై ఎనిమిది, ఒకటి బై పది అంటూ పలకలు నింపినదాన్ని. బళ్ళో లెక్క బళ్ళోనే ఉండిపోయింది. కళ్ళంలో పరక అనేది ఒక కుప్ప పేరు. గుళ్ళో దశమభాగం అనేది ఒక ఆజ్ఞ పేరు. ఈ మూడూ ఒకే గీత మీద నిలబడతాయని, వాటిని పక్కపక్కన పెట్టి చూడవచ్చని నాకెన్నడూ తోచలేదు. భిన్నంలో కింద ఉండే ఆ పదీ ఎనిమిదీ మనం ఇచ్చినవి కావు. మొత్తాన్ని ఎన్ని ముక్కలు చేశామన్నది అవి చెబుతాయి, అంతే. మనం ఇచ్చింది రెండు చోట్లా ఒక్క ముక్కే.

తర్వాత నీ గీత ముందు పెట్టుకుని నువ్వు రాసిన .125 ను విడదీశాను. చుక్క పక్కన ఉన్న ఒకటి పదోవంతు. అంటే దేవుడు అడిగింది అక్కడికే అయిపోయింది. దాని పక్కన ఉన్న రెండు, పదోవంతును మళ్ళీ పది చేస్తే వచ్చే చిన్న ముక్కల్లో రెండు. లేవీయులు తమకు వచ్చిన పదోవంతులోంచి మళ్ళీ పదోవంతు తీసి ఇచ్చేవారని సండేస్కూల్లో పిల్లలకు నేనే ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన నోటికి అది లెక్క అని తెలియలేదు. ఆ చివరి ఐదు, వాటినీ మళ్ళీ పది చేస్తే వచ్చే ఇంకా చిన్న ముక్కల్లో ఐదు. ఆ రెండూ ఐదూ మనం అదనంగా ఇచ్చినవి. చుక్కకు ఎడమవైపు అంకెలు ఎన్ని పెరిగితే సంఖ్య అంత పెద్దదవుతుంది. కుడివైపు ఎన్ని పెరిగినా, అవన్నీ ఒక పూర్తి కుప్ప లోపలే ఒదిగి ఉంటాయి. .125 ను ఎనిమిది సార్లు కింద కింద వేసి కూడాను. సరిగ్గా ఒకటి వచ్చి, పక్కన మూడు సున్నాలు నిలిచాయి. కుప్ప మళ్ళీ కుప్ప అయింది. చాలా ఏళ్ళ తర్వాత ఒక లెక్క సరిపోయినందుకు సంతోషం వేసింది.

ఆ సంతోషం దీపాలు పెట్టేవేళ దాకా కూడా నిలవలేదు తల్లీ. అన్నం వండాను. ఇక నాకు అడ్డమేముంది, కంచం పెట్టుకుందాం అనుకున్నాను. పెట్టుకున్నాను కూడా. చెయ్యి కదల్లేదు.

వెలితి లేదు. మనం ఎక్కువే ఇచ్చాం. అయితే మరి వాడు ఎందుకు పోయాడు?

నువ్వు నన్ను విడిపించాలని రాశావు, నాకు తెలుసు. కానీ ఇన్నేళ్ళూ నాకొక కారణం ఉండేది. చెడ్డదైనా కారణమే. రోజూ సాయంత్రం నేను చేయగలిగిన పని ఒకటి ఉండేది. బియ్యం తీసి కుండలో పోసేటప్పుడు వాడికోసం ఏదో చేస్తున్నట్టుండేది. ఇప్పుడు ఆ పని కూడా లేదు. ఎక్కువ ఇచ్చిన ఇంటి నుంచి బిడ్డను తీసుకున్నవాడి ముందు మోకరించి ఏమని అడగాలో తెలియడం లేదు. ఇటువంటి మాట నేను జన్మలో అనలేదు. దేవుడు నన్ను మన్నించాలి. కంచంలో అన్నం తీసి చల్లలో వేశాను, ఉదయం మీ అవ్వ తింది.

నువ్వు దిగులుపడకు. పగటి అన్నం మాత్రం మళ్ళీ పూర్తిగా తింటున్నాను, నీ మీద ఒట్టు. రాత్రిది ఇంకా చేతకావడం లేదు.

నీ అమ్మ,
మగ్దలీనమ్మ.


అల్లూరు,
1963 మార్చి 24.

నా కన్నతల్లి ఎలిశబెతుకు,

ఈసారి నీ జవాబు రాకముందే రాస్తున్నాను. ఆలస్యం చేస్తే, జరిగింది జరిగినట్టు రాయలేనేమోనని భయం.

మీ అవ్వకు చెప్పకూడదనే అనుకున్నాను. ఎనభై దగ్గరపడిన మనిషి, చూపు లేదు, ఆ పిల్లవాడు ఆమెకూ మనవడే. ఆమె కూడా ఆ వెలితిని నాలాగే మోస్తూ ఉండవచ్చు. తప్పని చెబితే ఆమె కారణం కూడా పోతుంది. చెప్పకపోతే ఆ బరువుతోనే కన్నుమూస్తుంది. ఏది దయో తెలియక వారం రోజులు ఆమె చుట్టూ తిరిగాను. చివరికి నిన్న సాయంత్రం మళ్ళీ రొట్టె కాల్చాను. ఎనిమిదింటిలో ముక్క ఒకటి, పదింటిలో ముక్క ఒకటి పళ్ళెంలో పెట్టి ఆమె ఒళ్ళో ఉంచి, ఏది పెద్దదో తడిమి చూడమన్నాను. తడిమింది. పెద్దదాన్ని తీసుకుని కొరికింది. "ఇది పరక, అత్తా" అన్నాను. "ఏదైతే ఏం మే, ఉప్పు సాల్లేదు" అంది.

అప్పుడు మెల్లగా చెప్పాను. పరక పదోవంతు కంటే ఎక్కువని, మామగారు దేవుడికి ఏనాడూ తక్కువ చేయలేదని, దేవుడు తీసుకోవలసిన ఆ రెండు అనేవి అసలు లేనే లేవని. ఆమె నమలడం ఆపేసింది. ఏడుస్తుందేమోనని చెయ్యి పట్టుకున్నాను. ఆమె అడిగిన ప్రశ్న వేరు.

"నీకా మాట ఇంకా గుర్తుందా?"

గుర్తుందని చెప్పాను. దానికోసమే రాత్రి అన్నం మానానని కూడా చెప్పాను. నా నోటితో ఆ మాట పలకడం అదే మొదలు. నా ఉపవాసాన్ని ఆమె భక్తి అనుకుంది. నలుగురిలో నా కోడలు అంతటి భక్తురాలని చెప్పుకుంది కూడా. నా ముఖం ఎటుందో వెతికి, నా చెంప మీద చెయ్యి వేసింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తాను.

"పరక ఎక్కువో పదోవంతు ఎక్కువో నాకప్పుడూ తెలవదు, ఇప్పుడూ తెలవదు. నువ్వప్పుడు ఏం జేస్తా ఉంటివో నీకు గుర్తులేదు. రొమ్ము గుద్దుకుంటా, నా పాలే విషమయినాయి, నేనే సంపుకున్నా అని గోడకి తల బాదుకుంటా ఉంటివి. గుక్కెడు నీళ్ళు మింగలా. పక్కింటోళ్ళు గూడా అదే మాట గొణిగినారు, పాలు పడలేదంట అని. ఆ మాట నీ మీంచి తీసి యాడో ఒక చోట పెట్టాల. లేకపోతే నువ్వు బతకవు. కళ్ళం మీద పెట్టినా. వడ్లు మోస్తాయిలే అనుకున్నా. నువ్వు మోస్తావనుకోలా."

నాకు ఆ రోజులు నిజంగానే గుర్తులేవు ఎలిశబెతూ. పాల సంగతి ఆమె అనగానే రొమ్ములో సలుపు మాత్రం గుర్తొచ్చింది. బిడ్డ పోయాక కూడా పాలు పడుతూనే ఉండేవి. ఆ పాలను నేను గోడకు పిండేసేదాన్నట. ఆమె నా చేతులు కట్టినంత పని చేసి, తన గుడ్డతో నా రొమ్ము కట్టిందట. ఇదంతా నా మనసులోంచి చెరిగిపోయి, ఆమె చెప్పిన లెక్క ఒక్కటే మిగిలింది.

నేను ఏడుస్తూ ఉంటే ఆమెకు కోపమొచ్చింది. "హైస్కూలు సదివినదానివి గదా. నేను వేలిముద్ర దాన్ని. నాకు లెక్కలేం తెలుసని నమ్మినావు మే?" అంది. ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. మా ఇద్దరికీ ఆ పిల్లవాడి మాట మధ్య నవ్వు రావడం ఇన్నేళ్ళలో ఎన్నడూ లేదు.

మరి ఎందుకు పోయాడత్తా అని అడిగాను. నీకు రాసిన ప్రశ్నే. విరేచనాలతో పోయాడు అంది. ఆ ఏడు ఊళ్ళో ఎందరో పిల్లలు పోయారట. సగం పెట్టినవాళ్ళ పిల్లలూ పోయారు, ఏమీ పెట్టనివాళ్ళ పిల్లలూ పోయారు, బతికినవాళ్ళు బతికారు. దేవుడు కళ్ళంలో కూర్చుని కుంచం పట్టుకుని కొలుస్తున్నాడని తను ఎన్నడూ అనుకోలేదని, అలా అనుకుని ఉంటే ఆయన పేరు మీద అబద్ధం చెప్పే ధైర్యం తనకెక్కడిదని అంది. ఆ అబద్ధానికి ఆయనకు తను జవాబు చెప్పుకుంటానంది. నీకు రాసిన ప్రశ్నకు నాకు ఇంకా జవాబు రాలేదు. కానీ ఇప్పుడు అది లెక్క కాదు. లెక్క కానిదాన్ని అన్నం మానేసి తీర్చలేనని మాత్రం తెలిసింది.

తర్వాత ఆమె నన్ను లేవనివ్వలేదు. తనే గోడ పట్టుకుంటూ వెళ్ళి కంచం తెచ్చింది, నన్ను పెట్టుకోమంది. నేను పెట్టుకున్నాను. ఆమె చెయ్యి చాపి నా కంచంలో అన్నం తడిమి చూసింది. "ఇంత కాదు" అంది. ఇంకొంచెం పెట్టుకున్నాను. మళ్ళీ తడిమింది. మూడోసారికి ఊరుకుంది. పక్కనే కూర్చుని, నేను నమలడం వింటూ ఉంది. పచ్చిపులుసు అన్నం అది, రాత్రిపూట దాని రుచి నాకు కొత్తగా ఉంది. సగంలో మీ నాయనగారు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని వచ్చి, తన కంచం కూడా అక్కడే వేసుకున్నారు.

ఇవాళ ఎసరు పెట్టేటప్పుడు కుండలో పిడికెడు బియ్యం పోశాను. అందరిలాగే పిడికెడు. చెయ్యి ఇంకోసారి సంచిలోకి వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాను. అలవాటు పోవడానికి కొన్నాళ్ళు పడుతుంది.

ఇంకొక్క సంగతి నీకు చెప్పాలి. ఇన్నేళ్ళూ జీవానందాన్ని నేను తలుచుకున్నది వెలితిగానే. నిన్న పడుకోబోయే ముందు వాడు బిడ్డగా గుర్తొచ్చాడు. వాడికి చాట చప్పుడంటే ఇష్టం. నేను బియ్యం చెరుగుతుంటే దోగాడుతూ వచ్చి, పొట్టు ముఖం మీద పడితే తుమ్మి, తను తుమ్మినందుకు తనే నవ్వేవాడు. కింద రెండు పళ్ళు. కుడిచెవి మడత పడి ఉండేది, మీ నాయనగారిలాగే. నీకొక అన్న ఉండేవాడు తల్లీ. వాణ్ణి నీకు ఇన్నాళ్ళకు చూపిస్తున్నాను.

ఈ మూడు ఉత్తరాలూ నీ దగ్గరే ఉంచుకో. చింపవద్దు. ఎవరికీ చూపవద్దు, ముఖ్యంగా మీ నాయనగారికి. ఆయన మంచివారే, కానీ ఏది దొరికినా వచ్చే ఆదివారం ప్రసంగంలో పెట్టేస్తారు. మీ అవ్వ అబద్ధమాడిందని గుళ్ళో వినడం నాకిష్టం లేదు. నీ పెట్టె అడుగున పాత రవికెల కింద పెట్టు. నీకు బిడ్డ పుట్టాక, ఎప్పుడైనా నీకు అవసరమనిపిస్తే నువ్వొక్కదానివే తీసి చదువుకో.

రాత్రికి నేను తిన్నానని రాసి ముగిస్తున్నాను.

నీ అమ్మ,
మగ్దలీనమ్మ.